కాలువ గట్టు మీద నెమ్మదిగల బాట

మన పిల్లలకు సైకిలు కొనిపెట్టడానికి భయపడే రోజులు వచ్చాయి. సైకిలు ధర చూసి కాదు, రోడ్డును చూసి భయం. లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు వేగంగా పోయే రహదారి మీదికి పదేళ్ల బిడ్డను పంపడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది? మన దేశంలో 2022వ సంవత్సరంలోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో ప్రాణాలు కోల్పోయారని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. ఆ భయం కారణం లేనిది కాదు.

అయితే కృష్ణా డెల్టాలో కాపురమున్న మనకు దేవుడు మరొక బాటను దగ్గరలోనే ఉంచాడు. అది కాలువ గట్టు. ఒక ప్రక్క నీళ్లు, మరొక ప్రక్క వరిచేలు, పైన తుమ్మచెట్ల నీడ, క్రింద ఎర్రమట్టి, గులకరాయి. చాలాచోట్ల లారీ రాదు, బస్సు రాదు. మన తాతలు నడిచిన ఆ బాటను మనం మరచిపోయాము. దానిని మరల మన కుటుంబాలకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు, తెరచి ఇవ్వవచ్చునని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆకలి తవ్విన కాలువలు

ఈ గట్లు ఎలా పుట్టాయో మన పిల్లలకు తెలియాలి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. పెద్దలు దానిని డొక్కల కరువు అన్నారు. ప్రక్కనే కృష్ణానది సముద్రంలోకి పోతూ ఉండగా, ఆ నీళ్లను చేలకు మళ్లించే ఆనకట్ట లేక జనం ఆకలితో చనిపోయారు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ కృష్ణ మీద కూడా ఆనకట్ట కట్టాలని పట్టుబట్టాడు. 1852లో పని మొదలై 1855లో పూర్తి అయింది. కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఆ పనిని నడిపించాడు. ఆ ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైంది. ఈనాడు విజయవాడ నుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ తూర్పు డెల్టాకు నీళ్లు తీసుకుపోతున్నాయి. నదికి ఆవలి ఒడ్డున సీతానగరం వైపు నుండి బయలుదేరే కాలువలు దుగ్గిరాల, తెనాలి, రేపల్లె ప్రాంతాలను తడుపుతున్నాయి.

కాలువ తవ్వినప్పుడు తీసిన మన్నే గట్టు అయింది. ఆ మన్ను ఎత్తిన చేతులు ఎవరివి? ఎక్కువగా కూలివాళ్లవి, భూమిలేని మన మాలపల్లెల, మాదిగపల్లెల వాళ్లవి. ఇందులో సంఘ చరిత్ర కూడా ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో అలమటించే వేలాది మందికి పని, కూలి దొరికేలా చూశారు. బోధకులే మేస్త్రీలై నిలిచారు. పని మధ్య విశ్రాంతి వేళ వాక్యం చెప్పారు. అన్నం కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని, సహాయం అందుతున్నంత కాలం ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. కరువు సహాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ బకింగ్‌హాం కాలువను మన దుగ్గిరాల నుండి వచ్చే కొమ్మమూరు కాలువ పెద్దగంజాం దగ్గర కలుస్తుంది. కాబట్టి కాలువ గట్టు మనకు పరాయిది కాదు. మన పెద్దల చెమట అందులో ఉంది.

తాడు లాగినవారి దారి

గట్టు మీద నడవడానికి వీలుగా చదునైన దారి ఎందుకు ఉంది? పడవల కోసం. ఆ రోజులలో ధాన్యం, ఉప్పు, సున్నం, కలప, మనుషులు అందరూ కాలువలోనే ప్రయాణం. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు తాడు భుజాన వేసుకొని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. బరువు లాగేవాడికి ఎగుడుదిగుళ్లు పనికిరావు గనుక గట్టు సమంగా ఉంచారు. నీటి మట్టం మారేచోట లాకులు కట్టారు. పడవ లాకులలో ఆగినప్పుడు ప్రయాణికులు దిగి చెట్ల క్రింద వంట చేసుకొనేవారు. ఏలూరు కాలువ మీదుగా గోదావరి కాలువలకు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసుకు పడవలు పోయేవి. తరువాత రైళ్లు, ఆ తరువాత లారీలు వచ్చి పడవలను మాన్పించాయి. పడవలు పోయినా, వాటిని లాగినవారి దారి మాత్రం మిగిలింది.

అలాంటి దారి సైకిలుకు ఎంత అనుకూలమో ఇతర దేశాలవారు మనకంటే ముందు గ్రహించారు. అమెరికాలో వాషింగ్టన్ నగరం నుండి కంబర్‌లాండ్ వరకు 184 మైళ్లకు పైగా పొడవైన చీసపీక్-ఒహాయో కాలువ ఉంది. కంచరగాడిదలు పడవలు లాగిన ఆ గట్టు 1924 తరువాత పాడుపడింది. దాని మీద కార్ల కోసం రోడ్డు వేయాలని ప్రయత్నం జరిగినప్పుడు, 1954లో విలియం డగ్లస్ అనే సుప్రీంకోర్టు న్యాయమూర్తి పత్రికల సంపాదకులను తనతో కలిసి గట్టు మొత్తం నడవమని పిలిచాడు. బయలుదేరిన వారిలో తొమ్మిది మంది మాత్రమే చివరి దాకా నడిచారు. అయినా ఆ నడకతో ప్రజల మనస్సు మారింది. రోడ్డు ఆలోచన ఆగిపోయి, 1971లో ఆ గట్టు జాతీయ ఉద్యానవనమైంది. ఇప్పుడు అక్కడ కుటుంబాలు కంకర బాట మీద రోజుల తరబడి సైకిలు ప్రయాణాలు చేస్తాయి. ఐరోపాలో డాన్యూబ్ నది ఒడ్డున గుర్రాలు పడవలు లాగిన బాటలు కూడా పస్సావ్ నుండి వియన్నా వరకు సైకిలు బాటగా పేరు పొందాయి. అడవులలో, నదీ లోయలలో, వాహనాలు లేని కంకర బాటల మీద సాగే ఇటువంటి ప్రయాణాలను ఈనాడు గ్రావెల్ బైకింగ్ అంటున్నారు. దానికోసం వెడల్పు టైర్ల సైకిళ్లు ఖరీదుగా అమ్ముతున్నారు. మన పాలు పోసేవారు, చేపలు అమ్మేవారు, కూలికి పోయేవారు పేరు పెట్టకుండా ఆ పనినే నల్ల సైకిలు మీద చేస్తూ వచ్చారు.

సువార్తను మోసిన చక్రాలు

మన సంఘాల చరిత్రలో సైకిలుకు గౌరవమైన స్థానం ఉంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, తన సంఘాలను ఎడ్లబండి మీద, సైకిలు మీద తిరిగి దర్శించేవారు. ఊరూరా ఉపదేశులు క్యారియరుకు బైబిలు, పాటల పుస్తకం కట్టుకొని, పంచె అంచు చైనులో పడకుండా మడిచి, డొంకల వెంట, గట్ల వెంట ఆరాధనలకు వెళ్లేవారు. ఆ సైకిలు గంట వినబడగానే పల్లెలో పిల్లలు "అయ్యగారు వచ్చారు" అని పరుగెత్తడం ఎరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఆ ప్రయాణంలో ఒక మేలుంది. నెమ్మదిగా పోయేవాడికి మనుషులు కనబడతారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చదవండి. ఫిలిప్పును ప్రభువు దూత పంపింది జనసమ్మర్దంగల రహదారికి కాదు, అరణ్యములో పోయే దారికి. ఐతియొపీయుడు రథములో కూర్చుండి గ్రంథం చదువుతున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్లి ఆ చదువును విన్నాడు. రథం మెల్లగా పోబట్టి, దారి నిశ్శబ్దంగా ఉండబట్టి గదా అది వినబడింది! ఎమ్మాయు దారిలో ప్రభువు ఇద్దరు శిష్యులతో కలిసి నడిచిన దూరం దాదాపు 11 కిలోమీటర్లు. నడుస్తూ ఉండగానే వారి హృదయాలు మండాయి. మోటారు మీద పోయే తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేరు, గాలి, చప్పుడు మాటను మింగేస్తాయి. గట్టు మీద ప్రక్కప్రక్కన సైకిలు త్రొక్కే తండ్రీ కొడుకులు మాట్లాడుకోగలరు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని పిల్లవాడు కూడా అక్కడ మనస్సు విప్పుతాడు.

ఆడపిల్ల చేతిలో హ్యాండిలు

ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మన పల్లెలలో ఎందరో ఆడపిల్లలు ఊరి బడిలో చదువు ముగించి, దూరంలో ఉన్న హైస్కూలుకు, కాలేజీకి వెళ్లలేక ఆగిపోయారు. తెలివి లేక కాదు, దారి లేక. బస్సు సమయానికి రాదు, ఆటోకు రోజూ డబ్బు ఉండదు, రోడ్డు మీద భయం.

1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్చుకోవడాన్ని కూడా ఆ ఉద్యమంలో చేర్పించారు. వేలాది గ్రామీణ స్త్రీలు, కూలివారు, రాతి క్వారీలలో పనిచేసేవారు, సైకిలు నేర్చారు. ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లే కొనుక్కొని త్రొక్కారు. మొదట నవ్వినవారే తరువాత తమ కుమార్తెలను పంపించారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దానిని పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పత్రంలో, ఆ పథకం వలన ఉన్నత పాఠశాలలలో చేరే బాలికలు 32 శాతం పెరిగారని చూపించారు. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాలలోనే ఈ మేలు ఎక్కువగా కనబడింది. మన రాష్ట్రంలో కూడా 2017లో 'బడికొస్తా' పేరుతో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచారు.

సైకిలు వచ్చింది. దారి మాత్రం? ప్రతి ఊరికీ గట్టు ఉండకపోవచ్చు. ఉన్న ఊరిలో తండ్రులు ఒక్క ఆదివారం సాయంత్రం గట్టు వెంట బడి దాకా వెళ్లి చూడండి. ఎక్కడ ముళ్లకంప పడి ఉంది, ఎక్కడ గండి ఉంది, ఎక్కడ ఇళ్లు లేక ఒంటరిగా ఉంటుంది, ఎక్కడ రోడ్డు దాటాలి అని గుర్తించండి. నలుగురు పిల్లలను జతచేసి కలిసి పంపండి. యౌవనస్థుల సమాజం కంపను కొట్టి, గండిని పూడ్చితే అది కూడా పరిచర్యే. ఒక బిడ్డ చదువు ఆగకపోవడం చిన్న ఫలం కాదు.

ఎక్కడికి వెళ్లవచ్చు?

విజయవాడ దాటి ఏలూరు కాలువ వెంట పట్టణపు చప్పుడు తగ్గినచోట నుండి గట్టు పట్టవచ్చు. నది ఎడమ ఒడ్డున యనమలకుదురు నుండి తోట్లవల్లూరు, శ్రీకాకుళం మీదుగా అవనిగడ్డ వైపు కరకట్ట సాగుతుంది. కరకట్ట అంటే వరద ఊళ్ల మీదికి రాకుండా కట్టిన ఎత్తైన మట్టికట్ట. దాని మీద నుండి చూస్తే ఒకవైపు లంకలు, అరటి, పసుపు, కంద తోటలు, రెండోవైపు వరి. కుడి ఒడ్డున కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు అలాంటి కట్టే ఉంది. కొన్నిచోట్ల తారు వేశారు గనుక అక్కడ బండ్లు వస్తాయి, ఇసుక లారీలు కూడా తిరుగుతాయి, జాగ్రత్త. అడవి చూడాలనుకొనేవారికి విజయవాడకు దగ్గరలోనే కొండపల్లి, మూలపాడు అడవులున్నాయి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఆ కొండలలో పెరిగేదే. అక్కడ బాట ఎర్రకంకర, ఎత్తుపల్లాలు ఉంటాయి. అటవీశాఖవారిని అడిగి, పగటివేళనే వెళ్లాలి.

మొదటి రోజున దూరం పెట్టుకోవద్దు. ఐదు కిలోమీటర్లు వెళ్లి, ఒక చెట్టు క్రింద మజ్జిగ త్రాగి, ఒక కీర్తన చదువుకొని తిరిగి రండి, చాలు. గట్టు మీద గంటకు పది పన్నెండు కిలోమీటర్లు హాయిగా పోవచ్చు.

దేహానికి కూడా మేలే. మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనం 2023లో తెలిపింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట సైకిలు. దేహసాధన కొంతవరకే ఉపయోగమని పౌలు తిమోతికి వ్రాశాడు. ఆ కొంతను కూడా మనం ఎందుకు పోగొట్టుకోవాలి?

మరువకూడని జాగ్రత్తలు

1. పిల్లలు ఎప్పుడూ చేల వైపు, పెద్దలు నీటి వైపు త్రొక్కాలి. కాలువకు గోడ ఉండదు. పైకి నిదానంగా కనబడినా లోపల ప్రవాహం బలంగా ఉంటుంది. పిల్లలకు సైకిలుతో పాటు ఈత కూడా నేర్పించండి.

2. లాకుల దగ్గర, తూముల మీద, ఇరుకు వంతెనల మీద దిగి నడిపించుకొని వెళ్లండి.

3. వానలో గట్టు ఎక్కవద్దు. నల్లరేగడి మన్ను మడ్‌గార్డులో పేరుకొని చక్రం కదలనివ్వదు. కట్ట అంచులు మెత్తబడి జారతాయి. వరద హెచ్చరిక ఉన్నప్పుడు కరకట్ట వైపు చూడనే వద్దు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయింది. అదే సమయంలో బుడమేరు గట్లు తెగి విజయవాడలో ఎన్నో పేటలు మునిగాయి. ఆ రోజులు మరచిపోలేము.

4. గులకరాయి మీద టైరులో గాలి కొంచెం తక్కువ ఉంటే పట్టు దొరుకుతుంది. బ్రేకులు రెండూ పనిచేయాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే బోర్లా పడతారు.

5. తుమ్మముల్లు టైరుకు శత్రువు. పంక్చరు సామాను, చిన్న పంపు, త్రాగే నీళ్లు, తలకు హెల్మెట్టు ఉండాలి. ఏప్రిల్, మే నెలలలో ఉదయం ఎనిమిది లోపల ఇల్లు చేరండి. చీకటి పడ్డాక పాముల భయం ఉంది.

6. ఆదివారపు ఆరాధన మాని షికారుకు పోవద్దు. శనివారం సాయంత్రం, లేదా ఆరాధన, భోజనం తరువాత చల్లపూట వెళ్లండి.

గట్టు మీది పొరుగువారు

విజయవాడలోను, ఇతర పట్టణాల చివర్లలోను కాలువ గట్ల మీద పేద కుటుంబాలు గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్నాయి. వారి వాకిలే మన బాట. వారి పిల్లలు అక్కడే ఆడుకుంటారు, స్త్రీలు అక్కడే వంట చేసుకుంటారు. గంట కొట్టి తొలగమనడం తగదు. దిగి, "అమ్మా, దారి ఇస్తారా" అని అడిగి నడవండి. వారిలో అనేకులు మన విశ్వాస కుటుంబానికి చెందినవారే. కాకపోయినా మన పొరుగువారే. గట్టు బాగుచేయాలని అడిగేటప్పుడు, వారికి చోటు చూపకుండా వారిని తోలివేయమని అడగకూడదు. సుఖప్రయాణం కోసం పేదవాని నీడ తీసివేయడం ప్రభువు మార్గం కాదు.

మరొక మాట. డెల్టాలో అనేక గ్రామాల చెరువులు ఈ కాలువ నీటితోనే నిండుతాయి. మనం త్రాగేది అదే. అయినా పెళ్లి విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు, చచ్చిన కోళ్లు కాలువలోనే పడవేస్తున్నాము. లారీలో పోయేవాడికి ఇది కనబడదు, గట్టు మీద సైకిలు త్రొక్కేవాడికి ముక్కుకు తగులుతుంది. చూసినవాడు ఊరుకోలేడు. అందుకే గట్టు మీద మనుషులు తిరగడం కాలువకు కూడా కాపుదల. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగురోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను పైన సౌరఫలకాల కప్పుతో నిర్మించారు, మంచిదే. మన డెల్టాలో అంతకు ఎన్నో రెట్ల పొడవైన బాటకు దేవుడు చెట్ల కప్పు వేశాడు. దానిని కాపాడితే చాలు.

ఒకనాడు ఆకలిగొన్నవారు తట్టలతో మన్ను మోసి వేసిన గట్టు ఇది. బరువు లాగినవారు భుజాన తాడుతో నడిచిన దారి ఇది. వారి మనుమరాలు పుస్తకాల సంచి క్యారియరుకు కట్టుకొని, భయం లేకుండా, అదే దారిన బడికి వెళ్లాలి. ఆ దినము కొరకు ప్రార్థిద్దాము. ప్రార్థించి ఊరుకోక, కొడవలి, పార తీసుకొని ఆ దారిని సిద్ధం చేద్దాము.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:

1. మన ఊరి కాలువ ఏది? ఆ నీళ్లు ఎక్కడి నుండి వచ్చి ఎక్కడికి పోతున్నాయి?

2. మన సంఘములో దారి లేక చదువు ఆగిన బిడ్డ ఎవరైనా ఉన్నారా? మనం ఏమి చేయగలం?

3. అపొస్తలుల కార్యములు 8:26-40 చదవండి. ఫిలిప్పులాగా పరుగెత్తి వెళ్లి, ఆగి, వినవలసిన పొరుగువారు మన దారిలో ఎవరున్నారు?